సూర్యకాంతం : ఒక పాతకాలపు ఆడపేరు అర్థం, ప్రాచుర్యం, పరిణామం (యానాం – గోదావరి మండల నేపథ్యం)

వ్యాస సంగ్రహం

యానాం, కాకినాడ పరిసరాలలో ఇరవయ్యో శతాబ్ది తొలి అర్ధభాగంలో 'సూర్యకాంతం' ఒక సాధారణ గృహనామం. నటి సూర్యకాంతం గయ్యాళి పాత్రల వల్లనే ఈ పేరు అంతరించిందని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ పేరు నిష్పత్తిని, తెలుగు వ్యాకరణంలో దానికి స్త్రీనామత్వం సిద్ధించిన తీరును, కావ్యాలలో దాని అర్థాన్ని, ఆ పేరు పెట్టుకున్న తరం స్త్రీల సాంఘిక చరిత్రను పరిశీలించి, పై అభిప్రాయంలోని సత్యమెంతో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు : సూర్యకాంతం, వ్యక్తినామాలు, అమహద్వాచకం, యానాం, బాల్యవివాహం, గయ్యాళి అత్త, అర్థసంకోచం.

1. ఉపోద్ఘాతం

వ్యక్తి నామం భాషలో ఒక విచిత్రమైన పదం. తక్కిన పదాలకు అర్థం ఉంటుంది. వ్యక్తి నామానికి అర్థంతో పాటు ఒక మనిషి కూడా ఉంటాడు. పేరు పెట్టేనాటికి బిడ్డ గుణగణాలు ఎవరికీ తెలియవు. అందుచేత పేరు బిడ్డను వర్ణించదు, పెద్దల కోరికను చెబుతుంది. మాణిక్యం అని పిలిచిన తల్లి తన బిడ్డ మాణిక్యమంత విలువైనదని కోరుకున్నది. సూర్యకాంతం అని పిలిచిన తల్లి కూడా అటువంటి కోరికే కోరుకున్నది. కాని నేడు మొదటి పేరు వింటే ఒక అమ్మమ్మ గుర్తుకు వస్తుంది. రెండవ పేరు వింటే ఒక తగవు గుర్తుకు వస్తుంది. ఈ తేడా ఎలా వచ్చిందన్నది నామవిజ్ఞానానికే కాక సాంఘిక చరిత్రకూ సంబంధించిన ప్రశ్న.

నటి సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో జన్మించారు. ఆమె తెరపై గయ్యాళి అత్తగా ప్రసిద్ధి పొందిన తరువాత తెలుగువారు తమ ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానుకున్నారన్న మాట పత్రికలలో, సభలలో తరచు వినిపిస్తుంది. ఆమె నటనకు అది గొప్ప ప్రశంస. కాని ఒక పేరు చరిత్రను చెప్పడానికి ఆ ప్రశంస చాలదు. పేరు ఎక్కడ పుట్టింది, ఎందుకు వ్యాపించింది, దానితో పాటు ఇంకే పేర్లు వెనుకబడ్డాయి అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పుకొన్న తరువాతనే ఈ నిర్ణయానికి రావలసి ఉంటుంది.

ఈ పరిశీలనకు గౌతమీ తీరంలోని యానాం, దాని పరిసర గోదావరి మండలం క్షేత్రంగా గ్రహించబడ్డాయి. నటి పుట్టిన ప్రాంతం ఇదే కావడం ఇందుకు ఒక కారణం. ఈ పేరు పెట్టుకున్న తరం స్త్రీల వివాహ చరిత్రలో యానాం ఒక ముఖ్య ఘట్టం కావడం మరొక కారణం.

2. పద నిష్పత్తి – అర్థం

'సూర్యకాంతము' సూర్య, కాంత శబ్దాల సమాసం. 'కాంత' శబ్దం కోరుట అనే అర్థం గల 'కమ్' ధాతువు నుండి పుట్టిన క్తాంత రూపం. కోరబడినది, ప్రియమైనది అని అర్థం. సూర్యునికి ప్రియమైనది సూర్యకాంతం. సంస్కృతంలో ఇది ఒక శిల పేరు. ఎండ సోకినప్పుడు ఈ శిల నిప్పును వెలిగ్రక్కుతుందని కవిసమయం. వెన్నెల సోకితే కరిగి నీరు స్రవించేది చంద్రకాంతం. ఇనుమును ఆకర్షించేది అయస్కాంతం. ఈ మూడూ ఒకే వరుసలోని పదాలు. ఒక వస్తువుకు మరొక వస్తువుతో గల ఆకర్షణను ఆధారం చేసుకొని ఏర్పడిన పేర్లు. అయస్కాంతానికి తెలుగులో సూదంటురాయి అన్న చక్కని దేశ్యపదం ఉన్నది. సూర్యకాంత చంద్రకాంతాలకు అటువంటి వాడుక మాట స్థిరపడలేదు. అవి రోజువారీ జీవితంలో చేతికి తగిలే రాళ్లు కాకపోవడమే అందుకు కారణం కావచ్చు.

తెలుగులో పొద్దుతిరుగుడు పువ్వుకు కూడా సూర్యకాంతం అనే పేరు ఉన్నది. కన్నడంలో ఆ పువ్వును సూర్యకాంతి అంటారు. నేటి పాఠకులు చాలామంది ఈ పేరు వినగానే పువ్వునే తలచుకుంటారు. అయితే పొద్దుతిరుగుడు అమెరికా ఖండం నుండి వచ్చిన మొక్క. అందుచేత శిల అనే అర్థం ప్రాచీనం, పువ్వు అనే అర్థం అర్వాచీనం. రెండింటిలోనూ సూర్యుని వైపు ఉన్ముఖమై ఉండటం అనే భావం సమానం. పేరుగా మాత్రం సూర్యకాంతం మాణిక్యం, రత్నం, చంద్రకాంతం, కనకం, బంగారం వంటి పేర్ల కుటుంబానికి చెందినది. ఆడపిల్లను ఇంటి సంపదగా, దాచుకోవలసిన నగగా భావించిన సంప్రదాయం నుండి వచ్చిన పేర్లు ఇవి. వాత్సల్యం, యాజమాన్య భావన రెండూ వీటిలో కలిసి ఉన్నాయి.

3. శిలానామం స్త్రీనామం అయిన తీరు

సంస్కృతంలో 'సూర్యకాంత' శబ్దం పుంలింగం. ఉత్తర భారతంలో, మహారాష్ట్రలో సూర్యకాంత్, చంద్రకాంత్ అన్నవి పురుషుల పేర్లు. ప్రసిద్ధ హిందీ కవి 'నిరాలా' అసలు పేరు సూర్యకాంత్ త్రిపాఠీ. సంస్కృత వ్యాకరణాన్ని అనుసరించి స్త్రీకి ఈ పేరు పెట్టాలంటే 'సూర్యకాంతా' అని ఆకారాంతం కావాలి. కాని గోదావరి మండలంలో స్త్రీకి పెట్టిన పేరు సూర్యకాంతా కాదు, సూర్యకాంతం.

దీనికి సమాధానం తెలుగు వ్యాకరణంలో ఉన్నది. చిన్నయసూరి 'బాలవ్యాకరణం' (1858) తెలుగు నామాలను మహత్తులు, అమహత్తులుగా విభజించింది. పురుషవాచకాలు మహత్తులు, పశుపక్ష్యాదుల, జడపదార్థాల వాచకాలు అమహత్తులు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో చేరి, బహువచనంలో మహత్తుల తీరును పొందుతాయి. అందువల్లనే తెలుగులో 'రాయి పడింది', 'అమ్మాయి పడింది' అన్న వాక్యాలలో క్రియ ఒక్కటే. సంస్కృతంలో పుంలింగమైనా, మనిషిని చెప్పనందువల్ల సూర్యకాంత శబ్దం తెలుగులో అమహద్వాచకమై ము ప్రత్యయం చేరి 'సూర్యకాంతము' అవుతుంది. వాడుకలో 'సూర్యకాంతం' అవుతుంది. ఆ రూపానికి తెలుగులో స్త్రీని సూచించడానికి ఏ అడ్డంకీ లేదు. 'సూర్యకాంతం వచ్చింది' అన్న వాక్యం రాతికీ, అమ్మాయికీ సమానంగా సరిపోతుంది.

కాబట్టి ఇది ధాతువును బట్టి సంస్కృత పదం, పేరుగా తెలుగు నిర్మాణం. అలాగే 'మాణిక్యం' తమిళదేశంలో ప్రధానంగా పురుషనామం కాగా, గోదావరి మండలంలో ఎక్కువగా స్త్రీనామమైంది. ద్రాక్షారామంలో భీమేశ్వరుని సరసన వెలసిన మాణిక్యాంబ ప్రభావం కూడా ఇక్కడ గమనించదగినది. పురుషునికి చెప్పవలసి వచ్చినప్పుడు అదే పదం 'మాణిక్యాలరావు' అయింది. అంటే 'రావు' చేరితే గాని ఆ పదానికి పురుషత్వం స్పష్టం కాలేదన్నమాట. వ్యవహారంలో సూర్యకాంతం పేరు గౌరవార్థంలో సూర్యకాంతమ్మగానూ, ముద్దుగా కాంతంగానూ మారేది. కాంతం అన్న కుదింపులో శిల అనే అర్థం మరుగునపడి, స్త్రీ అనే అర్థం గల 'కాంత' శబ్దం స్ఫురిస్తుంది. ఈ శ్లేష ఆ పేరుకు మరింత సహజత్వాన్ని ఇచ్చింది.

4. కావ్యాలలో సూర్యకాంతశిల

సూర్యకాంతశిల నిప్పు గలది. అయితే కావ్యాలలో ఆ నిప్పు స్వభావం ఏమిటన్నది పరిశీలించాలి. కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం' ద్వితీయాంకంలో దుష్యంతుడు తాపసులను సూర్యకాంతాలతో పోలుస్తాడు. ఆ శిలలు తాకడానికి చల్లనివి. పరతేజస్సు తమపై పడి బాధించినప్పుడే తమలోని తేజస్సును వెలువరిస్తాయని ఆ పోలికలోని భావం. శాంతమే వాటి సహజ స్థితి. అగ్ని వాటి ప్రతిస్పందన. భర్తృహరి నీతిశతకంలో కూడా ఈ శిల కనిపిస్తుంది. అచేతనమైన సూర్యకాంతం సైతం సూర్యుని పాదాలు సోకితే మండుతుంది, అటువంటప్పుడు తేజస్వి అయిన మనిషి పరులు చేసే అవమానాన్ని ఎలా సహిస్తాడు అని ఆ శ్లోక తాత్పర్యం. పాద శబ్దానికి కిరణమనీ కాలనీ రెండర్థాలు. కిరణం సోకడం కాలితో తన్నడం వంటిదన్న శ్లేషపై ఆ భావం నిలిచింది.

ఈ రెండు గ్రంథాలూ గోదావరి మండలపు రచయితల ద్వారా తెలుగులోకి రావడం విశేషం. భర్తృహరి సుభాషితాలను పెద్దాపురం ప్రాంతపు కవి ఏనుగు లక్ష్మణకవి పద్యాలుగా తెలిగించాడు. ఆ పద్యాలు తరతరాలుగా బడిపిల్లల నోట నిలిచాయి. శాకుంతల నాటకాన్ని రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు అనువదించారు. పేరు పెట్టిన తల్లిదండ్రులందరూ ఈ గ్రంథాలు చదివి పెట్టారని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ పేరుకు సాహిత్యం ఇచ్చిన అర్థం ఆ ప్రాంతపు విద్యావంతులకు అందుబాటులో ఉన్నదనీ, ఆ అర్థం ఆత్మగౌరవమనీ చెప్పడం మాత్రమే ఉద్దేశం. తన జోలికి ఎవరూ రానంతవరకు చల్లగా ఉండి, అవమానం ఎదురైతే మండే గుణం సూర్యకాంతానిది. నిష్కారణంగా మండేది సూర్యకాంతం కాదు.

5. గోదావరి మండలంలో సూర్యనామాలు

గోదావరి మండలపు పేర్లు క్షేత్రాలను అనుసరించి ఏర్పడ్డాయి. ద్రాక్షారామం మాణిక్యాంబను, అన్నవరం సత్యనారాయణ, సత్యవతులను ఇచ్చాయి. యానాంలో 'మీసాల వెంకన్న'గా పేరుపడిన వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. వెంకట శబ్దం చేరని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. ఇదే మండలంలో తుల్యభాగ ఒడ్డున గొల్లల మామిడాడలో సూర్యనారాయణస్వామి ఆలయం ఉన్నది. రథసప్తమినాడు చిక్కుడాకులలో పరమాన్నం నివేదించే ఆచారం ఇంటింటా ఉన్నది. సూర్యనారాయణ, సూర్యప్రకాశరావు, సూర్యారావు అన్న పురుషనామాలు ఇక్కడ విస్తారం. పిఠాపురం సంస్థానాధీశుల పేరులోనూ సూర్యశబ్దం ఉన్నది. రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు (1885–1964) పోషణలో వెలువడినందువల్లనే తెలుగువారి మహానిఘంటువుకు 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' అనే పేరు వచ్చింది.

ఈ పురుషనామాలకు సరితూగే స్త్రీనామాలు సూర్యావతి, సూర్యకుమారి, సూర్యకాంతం. మొక్కు సూర్యునికి మొక్కి ఆడపిల్ల పుట్టినప్పుడు ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవడం సహజం. రాజమహేంద్రవరంలో 1925 నవంబరు 13న పుట్టిన టంగుటూరి సూర్యకుమారి, అంతకు సుమారు ఏడాది ముందు కాకినాడ దగ్గర పుట్టిన సూర్యకాంతం ఒకే ప్రాంతపు, ఒకే కాలపు నామ సంప్రదాయానికి ఉదాహరణలు. ఇద్దరూ మద్రాసు చేరి చలనచిత్రాలలో ప్రసిద్ధి పొందారు. గాయనిగా సూర్యకుమారి పేరు తెలుగుతల్లి గీతంతో ముడిపడింది. సూర్యకాంతం పేరు అత్తగారితో ముడిపడింది. ఈ పోలిక మున్ముందు నిర్ణయానికి ఉపకరిస్తుంది.

పేర్లు తరతరాలకు అందడానికి మరొక ఆచారం తోడ్పడింది. మనుమరాలికి నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం తెలుగు కుటుంబాల సంప్రదాయం. కోడలు అత్తగారి పేరును నోటితో పలకరాదన్న నియమం కూడా ఉండేది. అత్తగారి పేరే కూతురికి పెట్టినప్పుడు ఆ తల్లి కూతురిని చిట్టి, బుజ్జి, పాపాయి అని మరో పేరుతో పిలిచేది. ఇలా పేరు ఒక తరం మౌనంగా ఉండి, మరుసటి తరంలో మళ్లీ వినిపించేది. పాతపేర్లు శతాబ్దాలు నిలవడానికి ఈ చక్రమే ఆధారం. ఒక పేరు అంతరించిందంటే ఈ చక్రం ఎక్కడో తెగిందని అర్థం.

6. యానాం : పేరు, పెండ్లి, తరం

సూర్యకాంతం, మాణిక్యం, రత్నం వంటి పేర్లు గల స్త్రీల జీవితాలను అర్థం చేసుకోవడానికి యానాం చరిత్రలోని ఒక ఘట్టం అవసరం. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, గౌతమి నుండి కోరింగ పాయ చీలే చోట ఉన్న యానాం పద్దెనిమిదో శతాబ్ది నుండి ఫ్రెంచి స్థావరం. చుట్టూ బ్రిటిషు గోదావరి జిల్లా, మధ్యలో ఫ్రెంచి పాలన. ఫ్రెంచి ఇండియాలో భారతీయుల వివాహాది వ్యవహారాలు వారి ఆచారాలను బట్టి నడిచేందుకు అనుమతి ఉండేది.

బ్రిటిషు ఇండియాలో 1929లో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చి, 1930 ఏప్రిల్ నుండి అమలైంది. శారదా చట్టంగా ప్రసిద్ధమైన ఈ శాసనం ఆడపిల్ల వివాహానికి కనీస వయస్సును 14 ఏళ్లుగా నిర్ణయించింది. ఫ్రెంచి యానాంకు ఆ చట్టం వర్తించలేదు. దానితో పరిసర జిల్లాల కుటుంబాలు పెండ్లికూతుళ్లయిన పసిపిల్లలను యానాంకు తీసుకువచ్చి వివాహాలు జరిపించి తిరిగి వెళ్లేవి. ఈ వివాహాల వల్లనే యానాంకు 'కల్యాణపురం' అన్న పేరు వచ్చింది. పేరు మంగళకరమైనదే. కాని ఆ మంగళవాద్యాల మధ్య కూర్చున్నది ఎనిమిది, తొమ్మిదేళ్ల ఆడపిల్లలన్నది చరిత్ర.

ఇప్పుడు కాలాన్ని లెక్కించి చూడాలి. 1924 ప్రాంతంలో పుట్టిన ఆడపిల్లకు 1930 నాటికి ఆరేళ్లు. చట్టం తప్పించుకోవడానికి యానాంకు తీసుకురాబడినది సరిగా ఈ వయస్సువారే. అలా 1932లో పెండ్లి అయిన బాలిక 1940 ప్రాంతంలో తల్లి అయితే, ఆమె కుమారునికి 1962 నాటికి 22 ఏళ్లు. అంటే నలభై ఏళ్లు రాకముందే ఆమె అత్తగారు. శుభలేఖలో చి.ల.సౌ. అన్న అక్షరాల తరువాత తన పేరు ఉన్నదని చదువుకోగలిగిన వయస్సు ఆమెకు లేదు. కోడలిగా ఆమె అత్తగారి మాటకు బద్ధురాలైంది. చదువు, ఉద్యోగం, స్వంత ఆదాయం లేని ఆ జీవితంలో ఆమెకు అధికారం అంటూ దక్కినది అత్తగారయ్యాకనే. ఆ అధికారపు పరిధి వంటగది, తాళంచెవులు, కోడలు. సరిగా ఆ కాలంలోనే తెలుగు చలనచిత్రం అత్తగారిని హాస్యానికి, ఆగ్రహానికి లక్ష్యంగా తెరపైకి తెచ్చింది.

ఫ్రెంచి పాలన నుండి యానాం 1954లో విముక్తి పొంది, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో విలీనమైంది. కల్యాణపురపు పెండ్లికూతుళ్లు అప్పటికి అత్తగార్లు అవుతున్నారు.

7. తెరపై పేరు

నటి సూర్యకాంతం 'సంసారం' (1950) చిత్రంలో గయ్యాళి అత్త పాత్ర ధరించారు. అప్పటికి ఆమె వయస్సు సుమారు 26 ఏళ్లు. నిజజీవితంలో కోడలి వయస్సులో ఉన్న స్త్రీ తెరపై అత్తగారు అయింది. 'తోడికోడళ్ళు' (1957)లో అనసూయ, 'మాయాబజార్' (1957)లో హిడింబి, 'గుండమ్మ కథ' (1962)లో గుండమ్మ ఆమె పాత్రలలో ముఖ్యమైనవి. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ నటించిన చిత్రానికి గుండమ్మ పేరు పెట్టడం ఆమె స్థానాన్ని తెలుపుతుంది. ఎడమచేయి తిప్పుతూ, గొంతు హెచ్చించి మాట్లాడే ఆ శైలిలో గోదావరి మండలపు పలుకుబడి ఉన్నది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. శకుని, మంథర, కుంభకర్ణుడు, నారదుడు అన్న పేర్లు తెలుగులో గుణవాచకాలుగా మారాయి. అవి కావ్యపాత్రల పేర్లు. సూర్యకాంతం విషయంలో గుణవాచకంగా మారినది పాత్ర పేరు కాదు, నటి పేరు. 'ఆవిడ ఒక సూర్యకాంతం' అన్నప్పుడు గుండమ్మను గాని అనసూయను గాని తలచుకోవడం లేదు. పాత్రలు మారినా స్వభావం ఒక్కటే కావడంతో ప్రేక్షకులు ఆ స్వభావానికి పేరు వెదకి, తెరపై అక్షరాలలో ప్రతిసారీ కనిపించిన నటి పేరునే దానికి ఇచ్చారు. వ్యక్తిగా ఆమె సౌమ్యురాలని, దాతయని సహనటులు చెప్పిన మాటలు ఈ వాడుకను ఆపలేదు.

సాహిత్యంలో ఇదే పేరు మరొక రూపంలో అంతకు ముందే ప్రసిద్ధమైంది. మునిమాణిక్యం నరసింహారావు (1898–1973) కాంతం కథలలోని గృహిణి పేరు కాంతం. ఆమెకూ మాట పదును ఉన్నది. భర్తను ఎత్తిపొడుస్తుంది, కయ్యానికి దిగుతుంది. ఆ పదును పాఠకులకు చమత్కారంగా, దాంపత్యపు రుచిగా తోచింది. అదే పదును నడివయస్సు అత్తగారి నోట వినిపిస్తే గయ్యాళితనం అయింది. ఒకే శబ్దం భార్యకు ముద్దుపేరై, అత్తకు నిందాపదం కావడాన్ని బట్టి, భార్యాభర్తల అనురాగమే కుటుంబానికి కేంద్రంగా రూపొందుతున్న కాలంలో అత్తగారి స్థానం ఎలా మారిందో గ్రహించవచ్చు. మాట్లాడే యువతి ముచ్చట, మాట్లాడే వృద్ధ బెడద అన్న దృష్టి ఈ రెండు పేర్ల వెనుక ఉన్నది.

8. తోటిపేర్లతో తారతమ్య పరిశీలన

నటి పాత్రల వల్లనే పేరు అంతరించిందన్న అభిప్రాయాన్ని తోటిపేర్లతో పోల్చి పరీక్షించవచ్చు.

మొదటిది, అదే కుటుంబానికి చెందిన పేర్లు. మాణిక్యం, రత్నం, చంద్రకాంతం, కనకం అన్న పేర్లకు తెరపై ఏ అపకీర్తీ రాలేదు. 'మట్టిలో మాణిక్యం' (1971) వంటి చిత్రనామంలో మాణిక్యశబ్దం ప్రశంసగానే ఉన్నది. అయినా ఈ పేర్లు నేటి బడిపిల్లలలో అరుదు.

రెండవది, సూర్యశబ్దం గల పేర్లు. సూర్యకుమారి పేరు మోసిన గాయని కీర్తి నిష్కళంకం. ఆ పేరు కూడా కొత్త తరంలో నిలవలేదు.

మూడవది, గయ్యాళి పాత్రకు వాడిన పేరు. 'తోడికోడళ్ళు'లో సూర్యకాంతం ధరించిన పాత్ర పేరు అనసూయ. అసూయ లేనిదన్న అర్థం గల పేరును అసూయాపరురాలికి పెట్టడంలో వ్యంగ్యం ఉన్నది. కాని ఆ పాత్ర వల్ల అనసూయ పేరు చెడలేదు. కాకినాడలో 1920లో పుట్టిన జానపద గాయని వింజమూరి అనసూయ పేరు వినగానే ఎవరికీ ఆ పాత్ర గుర్తుకు రాదు.

నాలుగవది, ఆదరణ పొందిన నటి పేరు. సావిత్రిని మించి తెలుగువారు ప్రేమించిన నటి లేదు. పురాణ పాతివ్రత్యం కూడా ఆ పేరుకు అండగా ఉన్నది. అయినా నేటి ఆడపిల్లలలో సావిత్రి పేరు తరచు వినబడదు.

ఈ నాలుగు పోలికలను బట్టి, అపకీర్తి లేని పేర్లూ వెనుకబడ్డాయనీ, కీర్తి ఉన్న పేర్లూ నిలవలేదనీ తెలుస్తున్నది. కాబట్టి పేరు తగ్గడానికి మూలకారణం తెర కాదు. అమ్మ, అంబ, అం అన్న తెలుగు తీరు ముగింపులు వదలి, ఆకార ఇకారాలతో ముగిసే సంస్కృత రూపాలను ఎంచుకోవడం ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం నుండి బలపడిన మార్పు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల నాయిక పేరు జయంతి. ఉద్యోగం చేసే, చదువుకున్న యువతికి అటువంటి పేరు తగినదని పాఠకులకు తోచింది. నవలలు, వారపత్రికలు చదివే తల్లులు అత్తగారి పేరును పక్కనపెట్టి స్వంతంగా పేరు ఎంచుకోగలిగిన స్వేచ్ఛ కూడా ఆ కాలంలోనే పెరిగింది. నాయనమ్మ పేరు మనుమరాలికి చేరే చక్రం అక్కడ తెగింది. ఆ చక్రాన్ని తెంపినవారు కోడళ్లు. దానిని వారి స్వాతంత్ర్యానికి గుర్తుగా కూడా గ్రహించవలసి ఉన్నది.

అయితే తెర ప్రభావం శూన్యమా? కాదు. మాణిక్యం, రత్నం పేర్లు గౌరవంగా విరమించాయి. ఏదో ఒకనాడు పాత నగను మళ్లీ ధరించినట్లు ఎవరైనా ఆ పేర్లను తిరిగి పెట్టుకోవచ్చు. సూర్యకాంతం పేరుకు ఆ మార్గం ఇరుకైంది. 2019లో ఇదే పేరుతో ఒక చలనచిత్రం వచ్చినప్పుడు, పేరు వినగానే నాయిక స్వభావం గురించి ప్రేక్షకులు ఒక ఊహకు రాగలిగారు. తెర పేరు సంఖ్యను తగ్గించలేదు, అర్థాన్ని తగ్గించింది. భాషాశాస్త్రం దీనిని అర్థసంకోచమనీ, అర్థాపకర్షమనీ అంటుంది. ప్రకాశం, ఆత్మగౌరవం, శైత్యం, తేజస్సు అన్న అర్థాలున్న పదంలో ఒక్క మంట మాత్రమే మిగిలింది.

9. ముగింపు

పై పరిశీలన వలన కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. సూర్యకాంతం సంస్కృత శిలానామం నుండి వచ్చినా, తెలుగు అమహద్వాచక వ్యవస్థ వల్ల మాత్రమే స్త్రీనామం కాగలిగింది. అందువల్ల అది తెలుగువారి స్వంత కల్పన. గోదావరి మండలపు సూర్యారాధన, రత్ననామ సంప్రదాయం దాని ప్రాచుర్యానికి ఆధారాలు. ఆ పేరు వెనుకబడటానికి మూలకారణం నామరూపాల అభిరుచిలో, పేరు పెట్టే అధికారంలో వచ్చిన మార్పు. నటి పాత్రలు ఆ పేరు మరల రాకుండా చేసిన అదనపు కారణం మాత్రమే.

ఆ పేరు పెట్టుకున్న సాధారణ స్త్రీల పట్ల ఈ మార్పు న్యాయంగా ప్రవర్తించలేదు. పసితనంలో యానాం పెండ్లిపందిళ్లకు నడిపించబడి, తమ మాటకు విలువ లేని కాపురాలు చేసి, నడివయస్సులో గొంతెత్తిన తరం వారిది. వారి గొంతులోని కోపాన్ని తెర చూపింది. ఆ కోపానికి గల కారణాన్ని చూపలేదు. కాళిదాసు, భర్తృహరి చెప్పిన సూర్యకాంతం తనంతట తాను మండదు. తనపై పడిన వేడికి మండుతుంది. ఆ అర్థాన్ని తిరిగి గుర్తించినప్పుడు, ఇళ్లలో పాత ఫొటోల కింద, యానాం పాత శుభలేఖలపై మిగిలిన ఆ పేరును నవ్వు లేకుండా చదవడం సాధ్యమవుతుంది.